పోయినవాళ్లను ఎక్కడ పెట్టుకోవాలి: ప్రేమ, దుఃఖం, తేరుకోవడం మీద ఒక నవలా రచయిత ఆలోచనలు

నవలలో ఒక ముఖ్యమైన పాత్ర చనిపోయాక రాసేవాళ్లకి ఒక చిక్కు వచ్చిపడుతుంది. మిగిలినవాళ్లు ఎన్ని పేజీలు ఏడవాలి? ఎక్కువ రాస్తే కథ కదలదు. తక్కువ రాస్తే వాళ్లకి ప్రేమే లేదనిపిస్తుంది. అందుకని నవలలు రాసే మేమంతా ఒక పద్ధతికి అలవాటు పడ్డాం. ఒక ప్రకరణం నిండా దుఃఖం, తర్వాత కాలం గడిచిందని ఒక వాక్యం, ఆపైన ఆ మనిషి ప్రయాణం కట్టడమో, కొత్త ఉద్యోగంలో చేరడమో, మళ్లీ ప్రేమలో పడటమో.

కథ నడవడానికి ఇది పనికొస్తుంది. కానీ ఈ వరసను పుస్తకాల్లో, సినిమాల్లో చూసీ చూసీ, బతుకులో కూడా దుఃఖం ఇలాగే నడవాలని అనుకోవడం మొదలుపెట్టాం. భార్య పోయి రెండేళ్లయినా ఆమె పేరు ఎత్తగానే గొంతు పూడుకుపోయే మనిషిని చూసి ‘ఇంకా బయటపడలేదు పాపం’ అంటాం. నెల తిరక్కుండా పకపకా నవ్విన మనిషిని చూసి ‘అప్పుడే మర్చిపోయాడు’ అంటాం. ఈ రెండు మాటలూ అన్యాయమైనవే. ఎందుకంటే రెండింటి వెనకా ఒకే నమ్మకం ఉంది: దుఃఖం అంటే ప్రేమించిన మనిషిని కొంచెం కొంచెంగా వదులుకోవడమని, అది పూర్తయితే తేరుకున్నట్టని. వందేళ్లుగా దుఃఖాన్ని దగ్గరగా చూసినవాళ్లు తెలుసుకున్నది దీనికి చాలా దూరంగా ఉంది.

ఆ నమ్మకానికి శాస్త్రం రూపం ఇచ్చినవాళ్లలో మొదటివాడు, మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్. 1917లో అచ్చయిన ఒక వ్యాసంలో ఆయన దుఃఖాన్ని ఒక ‘పని’ అన్నాడు. పోయిన మనిషి మీద పెట్టుకున్న ప్రేమను, ఒక్కో జ్ఞాపకం దగ్గరా ఆగి, వెనక్కి తీసుకుంటూ రావడమే ఆ పని. అది ముగిశాక మనసు ఖాళీ అయి, కొత్త బంధానికి సిద్ధమవుతుందని ఆయన వాదం. చదవడానికి చాలా సబబుగా ఉంటుంది. తర్వాత 1920 జనవరిలో ఆయన కూతురు సోఫీ ఫ్లూ మహమ్మారిలో చనిపోయింది. ఆమెకు 26 ఏళ్లు. మూడేళ్లకి ఆమె చిన్నకొడుకు, నాలుగేళ్ల పిల్లవాడు, తాతగారికి ప్రాణంతో సమానమైనవాడు, వాడూ పోయాడు. 1929లో, సోఫీ బతికి ఉంటే 36 ఏళ్లు నిండే రోజున, ఫ్రాయిడ్ తన స్నేహితుడు లుడ్విగ్ బిన్స్‌వాంగర్‌కి ఒక ఉత్తరం రాశాడు. బిన్స్‌వాంగర్ అప్పటికి కొడుకును పోగొట్టుకుని ఉన్నాడు. దుఃఖంలో తీవ్రత తగ్గుతుంది గానీ మనకు ఓదార్పు దొరకదు, ఆ మనిషి బదులు ఇంకొకరు రారు, ఆ చోటు నిండినా నిండింది వేరేదే అవుతుంది, నిజానికి అలా ఉండటమే సరైనది, ఎందుకంటే వదులుకోవడానికి ఇష్టపడని ప్రేమను నిలుపుకోవడానికి మనకున్న దారి అదొక్కటే. ఇదీ ఆ ఉత్తరంలో సారాంశం.

సిద్ధాంతకర్త 1917లో ఒకటి చెప్పాడు, తండ్రి 1929లో ఇంకొకటి చెప్పాడు. నేను తండ్రి మాటనే నమ్ముతాను. విచిత్రమేమిటంటే లోకం మాత్రం చాలాకాలం సిద్ధాంతాన్నే పట్టుకుంది.

ఆ తర్వాత అయిదు దశల లెక్క వచ్చింది. నమ్మకపోవడం, కోపం, బేరాలాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం. ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ అనే వైద్యురాలు 1969లో రాసిన పుస్తకంతో ఇవి లోకమంతా పాకాయి. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి మరుగున పడిపోయింది. ఆమె మాట్లాడింది చావుకు దగ్గరలో ఉన్న రోగులతో. తమ సొంత మరణాన్ని ఎదురుగా చూస్తున్నవాళ్ల మనసులో ఏం జరుగుతుందో ఆమె వివరించింది. దాన్నే తర్వాత్తర్వాత ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లకి అంటగట్టారు. దుఃఖాన్ని చక్కగా పెట్టెల్లో సర్దడం తమ ఉద్దేశం ఎప్పుడూ కాదని, చివరి రోజుల్లో ఒక సహరచయితతో కలిసి రాసిన పుస్తకంలో ఆమే చెప్పుకుంది. అప్పటికే ఆలస్యమైంది. తనకి కోపం రాలేదేమిటని, ఏదైనా దశ దాటవేశానేమోనని టెన్షన్ పడేవాళ్లు తయారయ్యారు. దుఃఖంలో ఉన్న మనిషి మీద పరీక్ష రాసే భారం కూడా పెట్టామన్నమాట.

మరి నిజంగా ఏం జరుగుతుంది? ముందు ప్రేమ సంగతి అర్థం చేసుకోవాలి. ప్రేమను మనం భావంగా చూస్తాం. మెదడుకి మాత్రం అది ఒక గట్టి అంచనా కూడా. ఈ మనిషి ఉన్నాడు, ఇప్పుడు కనబడకపోయినా వస్తాడు, పిలిస్తే పలుకుతాడు. లండన్‌లో పనిచేసిన మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ దీన్ని పసిపిల్లల దగ్గర గమనించాడు. అమ్మ దూరమైతే పిల్ల మొదట ఏడ్చి గగ్గోలు పెడుతుంది, వెతుకుతుంది. ఎంతకీ రాకపోతే నీరసించి దిగులులో పడుతుంది. ఆ ఏడుపులో అర్థం ఉంది, ఎందుకంటే ఏడిస్తే మామూలుగా అమ్మ వస్తుంది. పెద్దవాళ్ల శోకంలో కూడా ఈ వెతుకులాటే ఉందని బౌల్బీ గుర్తించాడు. గుంపులో అదే నడక ఉన్న మనిషి వెనక గబగబా నాలుగడుగులు వేయడం, తలుపు చప్పుడైతే తల తిప్పి చూడటం, ఏదైనా మంచి వార్త వినగానే తనకి చెప్పాలని ఫోన్ అందుకోవడం. చీకట్లో మెట్లు దిగుతూ ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే ఒళ్లంతా ఎలా జల్లుమంటుందో, ఆ క్షణాలు అలా ఉంటాయి. మనిషి పోయాడని మనకు తెలుసు. కానీ ఆ మనిషి ఉంటాడనే లెక్కతో అల్లుకున్న వేల అలవాట్లకి ఆ సంగతి ఒక్కొక్కదానికీ విడివిడిగా తెలియాలి. దుఃఖానికి అంత కాలం పట్టడానికి ఇదొక పెద్ద కారణం.

‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవల రాసిన మేరీ షెల్లీ 1815లో నెలలు నిండకుండా పుట్టిన తన మొదటి పాపను కొద్ది రోజులకే పోగొట్టుకుంది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు. ఆ మార్చి నెలలో డైరీలో ఒక కల గురించి రాసుకుంది: పాప చనిపోలేదట, చలికి బిగుసుకుపోయిందంతేనట, మంట దగ్గర పెట్టి ఒళ్లు రుద్దితే మళ్లీ బతికిందట. లేచి చూస్తే పాప లేదు. ఆ తర్వాతి ఏడాదే ఆమె, చచ్చిన దేహంలోకి ప్రాణం తెచ్చే మనిషి కథ మొదలుపెట్టింది. ఆ కలకీ ఆ నవలకీ ముడిపెట్టి తేల్చేయడం తొందరపాటు అవుతుంది. కల మాత్రం బౌల్బీ చెప్పినదానికి నిలువెత్తు సాక్ష్యం. మెదడు వెతకడం మానలేదు. దొరికే దారి కూడా ఒకటి కనిపెట్టింది.

ఈ వెతుకులాట మెదడులో కనబడుతుంది కూడా. అమ్మనో అక్కచెల్లెళ్లనో రొమ్ము కాన్సర్‌తో పోగొట్టుకున్న స్త్రీలకు వాళ్ల ఫొటోలు చూపిస్తూ, మేరీ ఫ్రాన్సెస్ ఓకానర్ బృందం మెదడు స్కాన్లు తీసింది. 2008లో వచ్చిన ఆ పరిశోధనలో నొప్పికి సంబంధించిన భాగాలు అందరిలోనూ కదిలాయి. దుఃఖం సడలకుండా బిగుసుకుపోయినవాళ్లలో మాత్రం, ఇష్టమైనది అందబోతున్నప్పుడు కదిలే భాగం కూడా మేలుకుంది. ఆరాటం ఎంత ఎక్కువగా ఉందని చెప్పారో అది అంత ఎక్కువగా కదిలింది. అంటే ఆ స్త్రీల మెదడులో ఒక మూల ఇంకా ఎదురుచూపులే ఉన్నాయి.

ఒంటి మీద పడే దెబ్బ కూడా తక్కువది కాదు. చాలా దగ్గరి మనిషి పోయిన మొదటి 24 గంటల్లో గుండెపోటు వచ్చే అవకాశం మామూలు రోజులకన్నా ఇరవై రెట్లకు పైగా పెరుగుతుందని 2012లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధన తేల్చింది. తర్వాత రోజురోజుకీ ఆ ప్రమాదం తగ్గుతూ వస్తుంది. టకోట్సుబో అని ఇంకో జబ్బు ఉంది. 1990 ప్రాంతంలో జపాన్ వైద్యులు దీన్ని గుర్తించారు. పెద్ద షాక్ తగిలినప్పుడు గుండె ఎడమ గది ఉబ్బి బలహీనపడుతుంది. ఎక్కువగా వయసు మళ్లిన స్త్రీలకు వస్తుంది, చాలామందిలో కొన్ని వారాల్లో నయమవుతుంది. గుండె పగిలిందని కథల్లో రాసే మాటకి ఆస్పత్రిలో ఆధారం ఉంది. అందుకే ఇంట్లో చావు జరిగినప్పుడు, అక్కడ గుండె జబ్బున్న మనిషి ఉంటే వాళ్లు మందులు వేసుకున్నారా, నీళ్లు తాగారా అని చూసే బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి.

ఇక తేరుకోవడం దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికన్నా నిజమనిపించిన వివరణ నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షూట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో దీన్ని ప్రచురించారు. ఆప్తుల్ని పోగొట్టుకున్న మనిషి ముందు రెండు రకాల పనులుంటాయి. ఒకటి, పోయిన మనిషి వైపు తిరిగి ఉండటం: ఏడవడం, జ్ఞాపకాలు, ఫొటోలు, బెంగ. రెండోది, మిగిలిన బతుకు వైపు తిరగడం: బ్యాంకు కాగితాలు, పిల్లల చదువులు, ఇంతకుముందు ఆ మనిషి చేసిన పనులు నేర్చుకోవడం, కొత్త మనుషులతో మాట్లాడటం. ఆరోగ్యంగా దుఃఖించే మనిషి ఈ రెండిటి మధ్యా అటూ ఇటూ తిరుగుతుంటాడు. ఒకే రోజులో, ఒక్కోసారి ఒకే గంటలో. పొద్దున గోడ పట్టుకుని ఏడ్చి, మధ్యాహ్నం ఆఫీసులో లెక్కలు సరిచూసి, సాయంత్రం ఎవరో చెప్పిన మాటకి నవ్వి, రాత్రి మళ్లీ నిద్ర పట్టక దొర్లడం. ఇందులో ఏదీ నటన కాదు. రెండోవైపు తిరిగిన గంటల్లో మనిషికి ఊపిరి అందుతుంది. ఆ బలంతోనే మళ్లీ మొదటివైపు చూడగలుగుతాడు. ఒకవైపే ఉండిపోతే, ఎప్పుడూ ఏడుస్తూనే ఉన్నా, అసలు ఆ ఊసే ఎత్తకుండా పనిలో కూరుకుపోయినా, అప్పుడు చిక్కు.

రవీంద్రనాథ్ ఠాగూర్ జీవితం చూస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. 1902లో భార్య మృణాళిని పోయింది. మరుసటి ఏడాది కూతురు రేణుక, 1905లో తండ్రి. 1907 నవంబరులో చిన్నకొడుకు శమీంద్రనాథ్ పదకొండేళ్లు నిండకుండానే కలరాతో చనిపోయాడు. అప్పటికి ఆయన పెద్ద నవల ఒకటి పత్రికలో నెలనెలా వస్తోంది. అది ఆగిపోలేదు. బయటినుంచి చూసేవాళ్లకి ఇది గుండె రాయి చేసుకోవడంలా కనిపించి ఉంటుంది. కానీ పాతికేళ్ల తర్వాత, 1932లో, ఆయన కూతురు మీరా తన ఒక్కగానొక్క కొడుకును పోగొట్టుకున్నప్పుడు, ఠాగూర్ ఆమెకు రాసిన ఉత్తరంలో శమి పోయిన మర్నాటి రాత్రి ఉంది. రైల్లో వస్తూ చూస్తే ఆకాశమంతా వెన్నెల పరుచుకుని ఉందని, ఎక్కడా ఏ లోటూ కనిపించలేదని, అన్నిటిలోనూ అన్నీ ఉన్నాయని, అందులో తానూ ఉన్నానని అప్పుడు మనసుకు తోచిందని ఆయన రాశాడు. పాతికేళ్లకీ ఆ రాత్రి అంత వివరంగా ఉందంటే ఆయన కొడుకును ఎక్కడా వదిలిపెట్టలేదనే అర్థం. నవల ఆగకపోవడమూ నిజమే, కొడుకు వెంట ఉండటమూ నిజమే. పైగా అదే జ్ఞాపకం, ఇంకో దుఃఖంలో ఉన్న కూతురికి ఆసరాగా ఇవ్వగలిగేదిగా మారింది. నేను చదివిన ఉత్తరాల్లో తండ్రి కూతురికి ఇంతకన్నా గొప్పది ఇచ్చిన సందర్భం నాకు గుర్తులేదు.

‘పోయినవాళ్లతో మనమూ పోలేం కదా’ అని ఓదారుస్తుంటారు. నిజమే. కానీ వాళ్లు మనతో రావచ్చు. దుఃఖాన్ని చదివినవాళ్లు ఈ సంగతిని గట్టిగా చెప్పింది 1996లో. డెన్నిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ ఒక సంకలనం తెచ్చారు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు, తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లలు బంధం తెంచుకోవడం లేదని, దాన్ని వేరే రూపంలోకి మార్చుకుంటున్నారని వాళ్లు చూపించారు. నాన్న ఉంటే ఏమనేవాడు అని అడుగుతూ నిర్ణయం తీసుకోవడం, ఫొటోతో రెండు మాటలు మాట్లాడటం, అమ్మ పద్ధతిలోనే దుప్పటి మడత పెట్టడం. అంతకుముందు ఇలాంటివాటిని ‘వాస్తవాన్ని ఒప్పుకోకపోవడం’ అనేవాళ్లు. ఒప్పుకుంటూనే మాట్లాడవచ్చు. మనిషి ఇంటి బయట నుంచి రాడని తెలిసి, మనసులో ఒక చోట కూర్చోబెట్టుకోవడానికీ, ఇంకా వస్తాడని గుమ్మం దగ్గర కాచుకోవడానికీ చాలా తేడా ఉంది.

నవ్వు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. భర్తనో భార్యనో పోగొట్టుకుని ఆరు నెలలైనవాళ్లు ఆ మనిషి గురించి మాట్లాడుతుంటే, జార్జ్ బొనానో, డాకర్ కెల్ట్‌నర్ అనే పరిశోధకులు వాళ్ల ముఖాల్ని జాగ్రత్తగా గమనించారు. చాలామంది మధ్యమధ్య మనసారా నవ్వారు. అలా నవ్వినవాళ్లు అప్పటికి తక్కువ బాధలో ఉన్నారు, చుట్టూ ఉన్నవాళ్లతో సంబంధాలు కూడా మెరుగ్గా ఉన్నాయి. పోయిన మనిషి చేసిన తమాషా పని తలుచుకుని నవ్వడం ఆ మనిషిని తిరిగి తెచ్చుకునే దారుల్లో ఒకటి. దాన్ని చూసి ముఖం చిట్లించేవాళ్లు ఎంత హాని చేస్తున్నారో వాళ్లకి తెలియదు.

అదే బొనానో తర్వాత తేరుకునే శక్తి గురించి చెప్పినది చాలామందిని ఆశ్చర్యపరిచింది. అమెరికాలో వృద్ధ దంపతులతో ముందుగానే మాట్లాడి ఉంచి, తర్వాత వాళ్లలో ఒకరు చనిపోతే, మిగిలినవాళ్లతో 6 నెలలకీ 18 నెలలకీ మళ్లీ మాట్లాడారు. దాదాపు సగం మంది బాధపడుతూనే తమ రోజువారీ బతుకును నిలుపుకోగలిగారు. వాళ్లు ముందే ప్రేమ లేనివాళ్లేమో అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే పెళ్లి ఎలా ఉండేదో చావుకు ముందే అడిగి రాసిపెట్టుకున్నారు. అంటే తట్టుకుని నిలబడటం వీరుల లక్షణం అనుకోనక్కర్లేదు. మామూలు మనుషుల్లో చాలా ఎక్కువగా కనిపించేదే.

అయితే ఈ మాటను దుర్వినియోగం చేయడం చాలా తేలిక. ‘నువ్వు ధైర్యవంతురాలివి’ అని పొగిడి, సాయం చేయకుండా తప్పుకునేవాళ్లు ఉంటారు. నిలబడటం పూర్తిగా ఒంట్లోంచి వచ్చే గుణమైతే, నిలబడలేనివాళ్లది లోపమని అనవలసి వస్తుంది. ఇది తప్పని చెప్పే గట్టి ఆధారం హవాయి దీవుల్లో ఉంది. కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మానసిక జబ్బుల మధ్య పెరిగిన పిల్లల్లో మూడో వంతు మంది చక్కటి మనుషులుగా ఎదిగారు. వాళ్లలో తరచుగా కనిపించినది ఒకటుంది: వాళ్లని ఏ షరతులూ లేకుండా పట్టించుకున్న పెద్దమనిషి ఒకరైనా ఉన్నారు. అమ్మమ్మో, టీచరో, పక్కింటావిడో. టీనేజీలో దారి తప్పినవాళ్లలో కూడా చాలామంది ముప్ఫైలు, నలభైలు వచ్చేసరికి మంచి తోడు దొరికి, పని దొరికి నిలదొక్కుకున్నారు. మనిషి తేరుకునే శక్తిలో చాలా భాగం మనిషికీ మనిషికీ మధ్య ఉంటుంది.

కొందరి దుఃఖం మాత్రం కదలదు. ప్రకృతి సహజమైన చావుల తర్వాత పది మందిలో సుమారు ఒకరికి ఇలా జరుగుతుందని అంచనా. రోజులో ఎక్కువ భాగం ఆరాటం, ఆ మనిషి లేడన్నది నమ్మలేకపోవడం, తనలో ఒక భాగం చచ్చిపోయిందనిపించడం, బతుక్కి అర్థం లేదనిపించడం. ఇవి నెలల తరబడి అదే తీవ్రతతో ఉండి పనినీ సంబంధాలనీ దెబ్బతీస్తుంటే వైద్యులు దాన్ని ప్రత్యేకమైన జబ్బుగా గుర్తిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జాబితాలో కనీసం ఆరు నెలలు అని ఉంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో పెద్దవాళ్లకి ఏడాది గడువు పెట్టింది. దుఃఖానికి రోగమని పేరు పెట్టడం చాలామందికి నచ్చలేదు. నాకు ఆ భయం అర్థమవుతుంది, కానీ పేరు ఉండటం వల్ల చికిత్స దొరుకుతుందన్నది దానికన్నా పెద్ద విషయం. ఇదీ డిప్రెషనూ ఒకటి కావు. డిప్రెషన్‌లో మనిషికి దేనిమీదా ఆసక్తి ఉండదు. ఇక్కడ ఒకే ఒక్క మనిషి మీద తీరని ఆరాటం ఉంటుంది. కాథరిన్ షియర్ బృందం 2016లో ప్రచురించిన పరిశోధనలో, డిప్రెషన్ మాత్ర ఈ దుఃఖాన్ని, మందు లేని ఉత్తుత్తి మాత్ర కన్నా చెప్పుకోదగ్గంత ఎక్కువగా సడలించలేదు. దుఃఖం కోసమే తయారుచేసిన 16 సిటింగుల మాటల చికిత్సతో మాత్రం ఇంకా ఎక్కువమందికి సడలింది.

రాస్తే బాధ తగ్గుతుందా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. 1986లో జేమ్స్ పెన్నెబేకర్ పరిశోధనలో, తమకు తగిలిన దెబ్బల గురించి వరసగా నాలుగు రోజులు రాసిన విద్యార్థులు ఆ తర్వాతి నెలల్లో డాక్టర్ దగ్గరికి తక్కువగా వెళ్లారు. దాంతో రాతకి మందు అనే పేరు వచ్చింది. కానీ ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ల మీద స్ట్రోబె బృందం అదే పద్ధతి ప్రయత్నించి 2002లో ఫలితాలు చెప్పింది: మామూలుగా దుఃఖిస్తున్నవాళ్లకి దానివల్ల ప్రత్యేకమైన మేలు కనిపించలేదు. రాయడం వృత్తిగా ఉన్న నాకు ఇది వినడానికి కష్టంగానే ఉంటుంది, అయినా సరైన మాటే. విక్టర్ హ్యూగో కూతురు లియోపోల్డీన్ 1843లో సేన్ నదిలో పడవ తిరగబడి చనిపోయింది. ప్రయాణంలో ఉన్న ఆయనకు ఆ సంగతి పత్రిక చదివితేనే తెలిసింది. ఆ తర్వాత దాదాపు పదేళ్లు అంత పెద్ద రచయిత పెద్ద పుస్తకమేదీ అచ్చు వేయలేదు. ఆమె మీద రాసిన పద్యాలున్న సంపుటి 1856లో వచ్చింది. మాట వచ్చేదాకా ఆయన ఆగాడు. రాయాలనిపించనివాళ్లని రాయమని, మాట్లాడాలనిపించనివాళ్లని ‘అంతా బయటపెట్టేయ్’ అని ఒత్తిడి చేయకూడదు.

కొన్ని దుఃఖాలకి ఏడ్చే హక్కు కూడా దొరకదు. విడాకులైన భర్త చావు, ఎవరికీ తెలియని ప్రేమ, కడుపులోనే పోయిన బిడ్డ, పెంచుకున్న కుక్క. కెనెత్ డోకా అనే పరిశోధకుడు 1989లో వీటిమీద పుస్తకమే తెచ్చాడు. పక్కవాళ్లు గుర్తించని దుఃఖం ఇంకా లోతుకు వెళ్తుందని ఆయన అన్నాడు. పోలిన్ బాస్ ఇంకో రకాన్ని చూపించింది: యుద్ధంలో కనిపించకుండా పోయిన మనిషి, మతిమరుపు జబ్బులో ఎదురుగా ఉండి కూడా మనల్ని గుర్తుపట్టని మనిషి. ఇక్కడ వీడ్కోలుకు కూడా అవకాశం ఉండదు. అలాంటి ఇంట్లో మనిషిని ‘ఇంకా ఉన్నారు కదా’ అని ఓదార్చడం కన్నా, పోగొట్టుకున్నది నిజమేనని ఒప్పుకోవడమే ఎక్కువ సాయం.

పరామర్శకు వెళ్లేవాళ్లు ఎక్కువగా భయపడేది ఏం మాట్లాడాలో తెలియకపోవడం గురించి. పోయిన మనిషి పేరు ఎత్తితే బాధ గుర్తుచేసినట్టవుతుందని ఆ పేరే మింగేస్తారు. వాళ్లు మర్చిపోయి ఉంటే కదా మనం గుర్తుచేయడానికి. పేరు పెట్టి ఒక జ్ఞాపకం చెప్పండి. ‘ఏం కావాలన్నా అడుగు’ అనేకన్నా ‘రేపు పొద్దున ఆ కాగితాలు నేను తీసుకెళ్లి ఇచ్చొస్తా’ అనడం మేలు, ఎందుకంటే దుఃఖంలో ఉన్న మనిషికి ఏం కావాలో ఆలోచించే ఓపిక కూడా ఉండదు. మొదటి పది రోజులూ ఇల్లు మనుషులతో నిండి ఉంటుంది. ఎవరూ ఫోన్ చేయనిది నాలుగో నెలలో, అయిదో నెలలో. చేయగలిగితే అప్పుడు చేయండి.